ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ ఎంత తేలికగా ఉండాలి?
విజయవాడలో టార్గెట్ ప్రాక్టీసుకి మొదటి ఎయిర్ రైఫిల్ కొంటున్నారు, ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిదా అన్నది ప్రశ్న. కాదండీ. కొత్తవాళ్లకి ట్రిగ్గర్ బరువు, అంటే పేలడానికి వేలితో నొక్కాల్సిన బలం, కిలో దగ్గర ఉంటే చాలు. రెండు దశల ట్రిగ్గర్ చూసుకోండి: మొదట ఖాళీగా కదిలి, ఒకచోట ఆగినట్టు తెలిసి, ఆపైన చిన్న నొక్కుకే పేలాలి.

బరువు తగ్గించే స్క్రూ వేరు, లోపల సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా ఆపి ఉంచే కొక్కెం) పట్టు మార్చే స్క్రూ వేరు. రెండోదాని జోలికి అసలు వెళ్లొద్దు. పట్టు మరీ తగ్గితే బట్ (రైఫిల్ వెనక చివర) నేలకి తగిలినా చాలు, వేలు పెట్టకుండానే పేలుతుంది.

సర్దిన ప్రతిసారీ పెల్లెట్ పెట్టి, గొట్టం పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లని ఆపి పట్టుకునే పెట్టె) వైపే ఉంచి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. అప్పుడు పేలిందంటే ఆ రైఫిల్ వద్దు. (పెల్లెట్ పెట్టమన్నది ఎందుకంటే, స్ప్రింగ్ రైఫిల్‌ని ఖాళీగా పేలిస్తే లోపలి పిస్టన్ సీల్ పాడవుతుంది.)