‘దేశభాషలందు తెలుగు లెస్స’ మొదట ఎవరి మాట?

ఈ మాట అన్నది శ్రీకృష్ణదేవరాయలేనా అని అడిగారు. ఆయన కావ్యం ఆముక్తమాల్యదలో ఈ పాదం ఉన్న మాట నిజమే కానీ, అంతకు చాలా ముందే క్రీడాభిరామంలో ఇది అక్షరం మారకుండా కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయుడి పేరిట ఉన్న ఆ కృతి శ్రీనాథుడిదని వాదించిన పండితులూ ఉన్నారు. ఇద్దరిలో కర్త ఎవరైనా, 1509లో గద్దెనెక్కిన రాయలకు పూర్వుడే.

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన రోజుల్లో, ఛందస్సు పాఠానికి ఈ రెండు పద్యాలనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాసేవాణ్ణి. రెండూ ఆటవెలదులే. క్రీడాభిరామంలో ఇది రెండో పాదం, ఆముక్తమాల్యదలో నాలుగో పాదం. ఆటవెలదిలో ఈ రెండు పాదాలకూ అయిదేసి సూర్యగణాలే (మూడు మాత్రల గణాలు) కావడం వల్ల, పైగా పాదాల రెండో అక్షరాలు కలవాలనే ప్రాస నియమం లేకపోవడం వల్ల, ఒకచోటి పాదం రెండోచోట చక్కగా ఒదిగిపోయింది. పాదం మొదటి అక్షరం ‘దే’కు నాలుగో గణం మొదటి అక్షరం ‘తె’తో యతి కుదరడం గణవిభజన చేస్తున్న పిల్లలే పట్టుకునేవారు, అది నాకెంతో సంతోషంగా ఉండేది.

సందర్భాలు మాత్రం వేరు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపమైన క్రీడాభిరామం, సంస్కృతం అన్ని భాషలకూ తల్లి అని ఒప్పుకుంటూనే, తల్లికంటే కూతురి సౌభాగ్యాన్ని మెచ్చుకోవడం మేలు కాదా అని అడుగుతుంది. ఆముక్తమాల్యదలోనైతే ఈ మాట రాయలది కూడా కాదు. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆగిన రాయలకు కలలో కనిపించిన అక్కడి దేవుడు ఆంధ్రవిష్ణువు, కావ్యం తెలుగులోనే ఎందుకు రాయాలో చెబుతూ, కొలువుకు వచ్చే రాజులందరితో మాట్లాడే నీకు ఈ సంగతి తెలియదా అని గుర్తుచేస్తాడు. కాబట్టి రాయలు భువనవిజయంలో ఈ మాట ప్రకటించాడని వ్యాసాల్లో రాయడం సరికాదు.

దీన్ని గ్రంథచౌర్యమనడం కూడా నాకు సమ్మతం కాదు. దొంగిలించదలచినవాడు పదమైనా మార్చకుండా, అంత పెద్ద కావ్యానికి తొలి అడుగైన ఘట్టంలో, దేవుడి నోట, పద్యానికి ముగింపుగా దాన్ని నిలపడు. అప్పటికే పదిమంది నోళ్లలో నానిన పాదాన్ని రాయలు తెలిసే తీసుకుని ఉంటారని నా నమ్మకం.