స్క్రాబుల్‌లో ‘క్యూ’ వచ్చి ‘యు’ రాకపోతే? మన హైదరాబాద్‌వాళ్లకు దిగులెందుకు

అక్షరాల బిళ్లలతో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట స్క్రాబుల్. అందులో యు లేకుండా క్యూతో వచ్చే మాటలు అర్థాలతో సహా కావాలన్నారు. చెబుతాను. కానీ నెట్‌లో దొరికే లిస్టులు మాత్రం బట్టీ పట్టకండి.

మొన్న సెలవుల్లో మలక్‌పేటలో మా అక్కవాళ్లింట్లో ఆడుతున్నాం. మా మేనకోడలి చేతిలో ఎఫ్, క్యూ, ఐ, ఆర్ ఉన్నాయి. అది బోర్డు మీద ఓ మూలనున్న ఐ పక్కన క్యూ పెట్టబోయింది. పదకొండు పాయింట్లు. “క్యూ-ఐ అంటే ఏంటే?” అన్నాను. “తెలీదు మామయ్యా, లిస్టులో ఉంది” అంది. నాకు ఒళ్లు మండింది. చైనావాళ్లు ప్రాణశక్తిని ‘చీ’ అంటారు, అదే ఈ మాట. అమెరికా స్క్రాబుల్ ఆటలో చెల్లే మాటల లిస్టులో చేరిందే 2006లో.

“ఆగవే, అక్కడ ఏ ఖాళీగా ఉంది చూడు” అని ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్ పేర్చి చూపించాను. క్యూ సరిగ్గా ట్రిపుల్ లెటర్ గడిలో, అంటే అక్షరం పాయింట్లు మూడింతలయ్యే గడిలో పడింది. ముప్పై ఏడు! “ఫకీర్ ఇంగ్లీషు మాటా?” అని నోరెళ్లబెట్టింది. రోజూ నాంపల్లి దర్గా మీదుగా స్కూలుకెళ్లే పిల్ల!

అరబ్బీలో గొంతు లోపలి నుంచి పలికే ‘క’ లాంటి అక్షరం ఒకటుంది. ఇంగ్లీషులో దానికి క్యూ రాస్తారు, పక్కన యు అక్కర్లేదు. అందుకే బుర్ఖా, నికాబ్, తలాక్ అన్నీ చెల్లుతాయి. బుర్ఖాలో యు ఉంటుంది కానీ క్యూకి ముందొస్తుంది. కాజీని క్యూ-ఏ-డి-ఐ అని రాస్తారు. ఖవ్వాలీ (క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ) సరిగ్గా ఏడక్షరాలు, చేతిలోని ఏడు బిళ్లలూ ఒక్కసారే దిగితే యాభై బోనస్. క్యూ-ఏ-టి అంటే మనవాళ్లు కిళ్లీ దట్టించినట్టు యెమెన్‌వాళ్లు బుగ్గన పెట్టుకుని గంటలకొద్దీ నమిలే ఆకు. నిజాం సైన్యంలోకి అరబ్బులు వచ్చింది ఆ దేశం నుంచే, వాళ్ల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. అన్నట్టు, జడ్‌తో ‘నిజాం’ కూడా చెల్లుతుంది.

పిల్లలకు స్పెల్లింగ్ పోటీలంటూ అర్థాల్లేని కాగితాలు పంచే స్కూళ్లను చూస్తే బాధేస్తుంది. అర్థం తెలిస్తే మాట ఇట్టే గుర్తుంటుంది, స్పెల్లింగ్ దానివెంటే వస్తుంది.

ఇంకొకటి. కొందరు ఇంట్లో ఉన్న పాత స్కూలు డిక్షనరీ తెచ్చి “ఇందులో ఖవ్వాలీ లేదు” అని గొడవకు దిగుతారు. ఆట మొదలెట్టకముందే చెల్లే మాటలేవో తేల్చేది కాలిన్స్ స్క్రాబుల్ లిస్టే అని ఒప్పందం చేసుకోండి. క్యూ ఉన్నదే ఒక్కటి. అది చేతిలో మిగిలిపోతే ఉల్టా పది పాయింట్లు పోతాయి.