పెద్ద సంఖ్యను విడగొట్టే ముందు

నల్లకుంట, హైదరాబాద్

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

గణిత ఒలింపియాడ్‌కు చదువుతున్నావని, పెద్ద సంఖ్య కనబడితే చాలు దాన్ని కారణాంకాలుగా విడగొట్టడానికి 2, 3, 5, 7 అంటూ వరసపెట్టి భాగిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ ఓపిక నాకు ముచ్చటే. కానీ భాగహారానికి దిగే ముందు సంఖ్యను కాసేపు తేరిపార చూడమ్మా.

12345654321 తీసుకో. 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్లీ వరసగా దిగే సంఖ్య అని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని వర్ణించాడు. ఆ గ్రంథాన్ని మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు చేశాడు. మన భాషలో లెక్కలకు ఇంత పాత చరిత్ర ఉందని నీ ఈడు పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడదీయి: 321, 654, 345, 12. ఒకటి విడిచి ఒకటి కలుపు. 321, 345 కలిస్తే 666. 654, 12 కలిసినా 666. తేడా సున్న. అంటే 1001 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 1001 అంటే 7×11×13 కాబట్టి మూడు కారణాంకాలు ఒక్కసారే చేతికొచ్చాయి. వెయ్యి 1001 కన్నా ఒకటి తక్కువ కావడమే ఇందులోని కిటుకు. ఎలాగో నువ్వే కాగితం మీద రాసి తేల్చుకో, అప్పుడే పరీక్షలో గుర్తుంటుంది.

భాగిస్తే 12333321 వస్తుంది. మళ్లీ అదే పని: 321, 12 కలిస్తే 333, మధ్యలో ఉన్నదీ 333. ఇంకోసారి 1001తో భాగిస్తే 12321 మిగులుతుంది. అది 111 వర్గం, 111 అంటే 3×37. కనుక మొత్తం సంఖ్య 3×7×11×13×37కి, అంటే 111111కి వర్గం. ఒక్కో ప్రధాన కారణాంకం రెండుసార్లు ఉంది, భాజకంలో అది అసలు లేకపోవచ్చు, ఒకసారి ఉండొచ్చు, రెండుసార్లు ఉండొచ్చు, కాబట్టి భాజకాలు 3×3×3×3×3, అంటే 243. పూర్ణవర్గానికి భాజకాలు బేసి సంఖ్యలో ఉండాలి, సరిపోయింది. ఇలా సరిచూసుకోవడం ఎప్పుడూ మానకు.

అంకెల పొందిక కంటికి కనబడకపోతే, సంఖ్య ఎలా పుట్టిందో అడుగు. 4294967297 అంటే 2ను 32 సార్లు గుణించి ఒకటి కలిపినది. ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 641 దీన్ని భాగిస్తుందని 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త చూపాడు. గుడ్డిగా వెతికితే, ఇది నిజంగా ప్రధాన సంఖ్యే అయితే, వర్గమూలం దాకా ఆరువేల పైచిలుకు ప్రధాన సంఖ్యలను పరీక్షించాలి. అయితే దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే ఒకటే మిగలాలి. అలాంటివి 193, 257, 449, 577, 641. ఐదోదే భాగించింది! ఈ నిబంధన ఎందుకో ఫెర్మా చిన్న సిద్ధాంతం చదివాక తెలుస్తుంది, ముందు అది చదువు.

కంప్యూటర్ వద్దనను. నువ్వు చేశాక సరిచూసుకోవడానికి వాడుకో.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లెక్కల పుస్తకాలు వెతుకుదాం, రా. వచ్చేటప్పుడు 1000027ను విడగొట్టి తీసుకురా. పది లక్షలూ ఒక ఘనమే, 27 కూడా ఘనమే.

మీ పెదనాన్న