స్ప్రింగు హ్యాంగరు మాత్రం వద్దు

బుజ్జమ్మా,

నువ్వు కూడబెట్టిన చైనా, ఫ్రెంచి పింగాణీని నలుగురికీ చూపించబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ మాట మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కప్పును చెవి పట్టుకుని ఎత్తకు, అడుగున చెయ్యి వెయ్యి. నూలు గ్లవ్స్ జారతాయి. బంగారు పూతకు వేడినీళ్ళు తగలనివ్వకు.

చీటీలు రాసేటప్పుడు తొందరపడకు. గిన్నె అడుగున చైనా చక్రవర్తి కాంగ్శీ పేరు ఉన్నంత మాత్రాన అది ఆయన ఏలిన 1662-1722 నాటిదైపోదు. 19వ శతాబ్దంలోనూ చైనాలో ఆ పేరు వేశారు. "కాంగ్శీ ముద్ర" అని రాయి, "కాంగ్శీ కాలం" అనకు. ఫ్రాన్సులోని సేవ్ర్ కార్ఖానా కప్పు మీద అల్లుకున్న రెండు ఎల్ అక్షరాల మధ్య హెచ్ ఉంటే 1760 అని అర్థం. కానీ గట్టిరకం పింగాణీకి కావలసిన కెయొలిన్ అనే తెల్లమట్టి ఫ్రాన్సులో లిమోజ్ ఊరి దగ్గర దొరికింది 1768లో. అంతకుముందు సేవ్ర్‌లో చేసిందంతా మెత్తరకమే. హెచ్ ఉండి గట్టిరకమైతే అది నకలే.

ఇక నా భయం. పళ్ళేలను స్ప్రింగు హ్యాంగర్లతో గోడకు తగిలించకు. చోర్ బజార్లో సగం జీతం పోసి గులాబీ రంగు పూల చైనా పళ్ళెం కొన్నాను. గోరుతో తడితే ఖంగుమంది. ఇంటికి తెచ్చి, స్ప్రింగు బిగించి, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా హాల్లో పెట్టాను. ఆ స్ప్రింగు రాత్రింబవళ్ళు అంచుల్ని లాగుతూనే ఉంటుందని ఎవరికి తెలుసు! మూడో ఏడు మే నెలలో, అందరం డాబా మీద పడుకున్నప్పుడు, కింద టప్పుమంది. పిల్లి అనుకున్నాం.

తెల్లారి చూస్తే మూడు ముక్కలు. మీ పెద్దమ్మ ఒక్క మాటనకుండా చేటలోకి ఎత్తింది. నేను ఊరుకున్నానా? ఆ పూటే జిగురు పట్టించాను, అదీ వంకరగా. ఏడాది తిరిగేసరికి అతుకు పసుపుపచ్చగా తేలింది. తర్వాత చూపిస్తే, "ముక్కలుగానే తెచ్చి ఉంటే బాగుండేది సార్" అన్నాడు బాగుచేసేవాడు.

నువ్వు నాలాంటి మొండిదానివే, అందుకే ఇంత చెబుతున్నాను. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇంకోసారి వెళ్ళు. ఈసారి పళ్ళేలను కాదు, వాటికింది స్టాండ్లను చూడు.

ప్రదర్శన రోజున ముందే వస్తాను. కిటికీ పక్కన కుర్చీ వేయించు. గాలికి కర్టెన్ ఎగిరితే పట్టుకోవడానికి ఒకరు ఉండాలి.

మీ పెద్దనాన్న