కిరాయి ఇవ్వకపోయినా తాళం మాత్రం వేయకు

బిడ్డా,

నయీంనగర్ ఇంట్లో ఉన్నవాళ్లు ఐదు నెలలుగా కిరాయి ఇవ్వట్లేదని, ఆదివారం తమ్ముడిని తీసుకుపోయి తాళం వేస్తానని అన్నావు. ఆ పని చెయ్యకు. నీ కోపం న్యాయమైనదే, ఆ కిరాయి మీదే నీ ఈఎంఐ నడుస్తోందని నాకు తెలుసు. కానీ తాళం వేసినా, ఫ్యూజు పీకినా, నల్లా బంద్ చేసినా వాళ్లు ఠాణాకు పోతారు. బాకీ సంగతి పక్కకుపోయి నువ్వే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ముందు పోయి కూర్చుని అడుగు. జీతం ఆగిందా, దవాఖాన ఖర్చు మీద పడిందా? నిజంగా కష్టంలో ఉంటే పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగు. ఏ తారీఖుకు ఎంత కడతారో, ఎప్పుడు ఖాళీ చేస్తారో రాయించి సంతకం తీసుకో. ఆ ఇంట్లోనూ చిన్నపిల్లలున్నారు.

ఎగ్గొట్టాలనే చూస్తుంటే మాత్రం వకీలుతో నోటీసు ఇప్పించు. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, మీది 9,000. పదకొండు నెలల అగ్రిమెంటు కూడా ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడున్నది నెలవారీ కిరాయే. అందుకే ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల గడువుతో ఖాళీ చేయమని నోటీసు పంపాలి. ఇంటి నంబరు, ఏ నెలకు ఎంత బాకీ, అంతా అందులో ఉండాలి. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపి, వాళ్లకు ముట్టినట్టు వచ్చే రసీదు దాచిపెట్టు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నోటీసు అందగానే కిరాయికున్నతను ఫోన్‌పేలో ఓ నెల డబ్బు కొడతాడు. ఊరుకుంటే, కిరాయి తీసుకుని మళ్లీ ఉండనిచ్చారని వాదిస్తాడు. "ఇది పాత బాకీ కింద జమ, నోటీసు అలాగే ఉంది" అని వెంటనే మెసేజ్ పెట్టు.

గడువు దాటినా కదలకపోతే ఖాళీకి, బాకీకి కలిపి సివిల్ కోర్టులో దావా వేయాలి. మూడేళ్లు దాటిన బాకీకి దావా చెల్లదు, నాన్చకు. దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ ఫీజు ఉండదు. వాళ్లు నడిపే లోక్ అదాలత్‌లో, అంటే రాజీ కుదిర్చే కోర్టులో, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు ఉండదు. నన్నడిగితే ముందు అక్కడికే పో.

ఖాళీ చేసే రోజు నేనూ వస్తా. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీద్దాం, అడ్వాన్సులో బాకీ పట్టుకుని మిగిలితే ఇచ్చేద్దాం, తాళంచెవులు ముట్టాయని ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకుందాం.

మీ పెద్దబాపు