ఇంటి నుంచే పని చేస్తున్నప్పుడు ఆయాను మానిపించవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడేళ్ల బాబు, పదకొండు నెలల పాప. వచ్చే నెల నుంచి పూర్తిగా ఇంటి నుంచే ఉద్యోగం. ఎలాగూ ఇంట్లోనే ఉంటాను, ఆయాను మానిపిస్తే డబ్బు మిగులుతుంది, పిల్లలూ కళ్లముందే ఉంటారు, ఇది కుదురుతుందా అని అడిగారు.

మానిపించకండి. నేను మానిపించి ఏడు వారాలు నెట్టుకొచ్చాను. అప్పుడు మా బాబుకు మూడున్నరేళ్లు, పాపకు ఏడాది. మీ ఇంటి లెక్కకు చాలా దగ్గర. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది నిజాంపేటలో, రెండు పడకగదుల ఫ్లాట్‌లో. నాది మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల చార్టులు, అంటే రోగుల చికిత్స రికార్డులు చదివి, ఆ రోగానికి, ఆ చికిత్సకు సరిపోయే కోడ్‌లు వేయాలి. రోజుకు 80 చార్టులు లక్ష్యం, నూటికి 95 తప్పు లేకుండా ఉండాలి. కోడ్ తప్పితే అక్కడ బీమా సొమ్ము ఆగిపోతుంది. మా వారి ఆఫీసు రాయదుర్గంలో. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరి జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కితే, రాత్రి ఏడున్నరకు తిరిగి వస్తారు. ఆ మధ్యలో ఇంట్లో నేనూ ఇద్దరు పిల్లలూ.

నా పనిలో ఉన్న మేలు ఏమిటంటే అంకెలు అబద్ధం చెప్పవు. ఆ రోజుల్లో ఒక నోటుపుస్తకంలో ఏ గంటలో ఎన్ని చార్టులు అయ్యాయో రాసుకునేదాన్ని. ఆయా ఉన్న కాలంలో నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే 40కి పైగా అయ్యేవి. ఆయా లేని రోజుల్లో ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కంప్యూటర్ దగ్గరికి వెళ్తూ వస్తూ ఉంటే 50 దాటలేదు. మిగిలినవి పిల్లలు నిద్రపోయాక పదింటి నుంచి ఒంటిగంట వరకు చేసేదాన్ని. తప్పులు ఆ వేళలోనే ఎక్కువ దొర్లాయి. పన్నెండు గంటలు ఉద్యోగంలో ఉన్నట్టే, పన్నెండు గంటలు పిల్లల దగ్గర ఉన్నట్టే అనిపించేది. పాపకు అన్నం పెడుతూ చార్టు గురించి ఆలోచించేదాన్ని, చార్టు చదువుతూ పాప అన్నం తిన్నదో లేదో ఆలోచించేదాన్ని.

ఆరో వారంలో జరిగిన సంగతి చెప్పాలి. నేను ఒక ఆడిట్ కాల్‌లో ఉన్నాను. బాబు స్నానాల గదిలోకి వెళ్లి లోపలి నుంచి గడియ వేసుకున్నాడు. వేయడం వచ్చింది, తీయడం రాలేదు. తలుపు అవతల వాడి ఏడుపు, ఇవతల చంకలో పాప. వాచ్‌మన్ వచ్చి స్క్రూడ్రైవరుతో గడియ ఊడదీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వాడికి ఏమీ కాలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ నా కళ్లముందు మెదిలింది లోపల ఉన్న నిండు బకెట్ ఒక్కటే. మన హైదరాబాద్‌లో చాలా వీధులకు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరే దిక్కు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. పాకే వయసు, తప్పటడుగుల వయసు పిల్లలకు తల బరువెక్కువ. బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు, జానెడు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. శబ్దం కూడా రాదు. మీరు ఆయాను ఉంచుకున్నా, మానిపించినా ఈ ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. పిల్లలకు అందే ఎత్తులో ఉన్న లోపలి గడియలన్నీ తీయించి, తలుపులకు బయట పైభాగంలో గడియలు పెట్టించండి. నీళ్లు మూత బిగిసే డ్రమ్ములోనే నిల్వ చేయండి. వాడని బకెట్ బోర్లించి పెట్టండి. నీళ్లు కాచే రాడ్డు ఉంటే అటక మీద పెట్టేయండి.

ఫోను సంగతి కూడా దాచను. కాల్ ఉన్నప్పుడల్లా బాబుకు ఫోను ఇచ్చాను. మొదట పావుగంట, తర్వాత గంట, చివరికి రోజుకు మూడు నాలుగు గంటలు. ఫోను చేతిలో ఉంటే పేరు పెట్టి పిలిచినా తల తిప్పేవాడు కాదు. తీసుకుంటే నేల మీద పడి దొర్లేవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి గంటకు మించకూడదు, అదీ ఎంత తగ్గితే అంత మంచిది. ఇది నాకు తెలిసే ఇచ్చాను, వేరే మనిషి లేక ఇచ్చాను. ఇంట్లో మరో మనిషి వచ్చిన రెండు వారాల్లో ఆ అలవాటు తగ్గింది. దాని కోసం నేను ప్రత్యేకంగా చేసిన ఉపాయం ఏదీ లేదు. పప్పుగరిటె, కొబ్బరిచిప్పలు, నాలుగు స్టీలు గిన్నెలు, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి, అంతే సరిపోయింది.

ఇక ఎలా సర్దుకున్నామో చెబుతాను. మొదటి మార్పు మా వారి దగ్గర మొదలైంది. అప్పటిదాకా ఆయన "నేనూ సాయం చేస్తానుగా" అనేవారు. సాయం అంటే అడిగినప్పుడు చేసేది. అడగడం కూడా ఒక పనే, ఆ పని నా మీదే ఉండేది. ఒక ఆదివారం కూర్చుని గంటలు పంచుకున్నాం. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు పిల్లలు ఆయనవి. లేపడం, పాలు, పాప డైపర్, బాబు పళ్లు తోమించడం, రాగిజావ కాయడం, అన్నీ. నేను గది తలుపు వేసుకుని పని చేస్తాను. పాప ఏడ్చినా బయటికి రాను. మొదటి వారం ఆ తలుపు వెనక కూర్చోవడం నాకే కష్టమైంది, చేతులు కీబోర్డు మీద ఉన్నా చెవులు బయటే ఉండేవి. రెండో వారానికి పాప నాన్న భుజం మీద ఊరుకోవడం నేర్చుకుంది, ఆయన ఊరుకోబెట్టడం నేర్చుకున్నారు. ఆ రెండున్నర గంటల్లో నాకు 28 చార్టులు అవుతాయి. రోజంతటిలో నేను బాగా పని చేసే వేళ అదే.

ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర పిల్లల స్నానాలు, టిఫిన్లు నావి. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు ఆయా. మీరు ఇప్పుడు రోజంతా ఉంచుకుంటున్నారు కాబట్టి ఇక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చు, నాలుగైదు గంటలకు మార్చుకోండి, కానీ పూర్తిగా తీసేయవద్దు. మేం నెలకు తొమ్మిది వేలు ఇచ్చేవాళ్లం. ఆవిడ పని పిల్లల్ని చూసుకోవడం మాత్రమే అని మొదటిరోజే చెప్పాను. ఇంట్లోనే ఉంటాం కదా అని గిన్నెలు, బట్టలు కూడా ఆవిడకే అప్పజెబితే పిల్లలు మళ్లీ ఫోను దగ్గరికే చేరతారు. ఆదివారం సెలవు, పండగకు సెలవు, ఒంట్లో బాగోలేకపోతే జీతం కోయకపోవడం కూడా ముందే మాట్లాడుకోండి. ఆవిడకూ ఇంట్లో పిల్లలుంటారు. ఆవిడ నిశ్చింతగా ఉంటేనే మన పిల్లలు నిశ్చింతగా ఉంటారు.

మూడేళ్ల బాబుకు "అమ్మ పనిలో ఉంది" అంటే అర్థం కాదు. కనిపించే అమ్మ ఎందుకు ఎత్తుకోదో వాడికి ఎలా తెలుస్తుంది? నేను గది తలుపు పిడికి ఎర్ర చున్నీ కట్టేదాన్ని. చున్నీ ఉంటే అమ్మ రాదు, చున్నీ విప్పితే వస్తుంది. హాల్లో గోడ గడియారం మీద ఒకటికీ రెండుకీ మధ్య పసుపు స్టిక్కర్ అంటించాను. చిన్నముల్లు స్టిక్కర్ దగ్గరికి రాగానే చున్నీ విప్పాలి. మొదట్లో రెండు రోజులు ఇంకొక్క చార్టు, ఇంకొక్క చార్టు అంటూ పది నిమిషాలు ఆలస్యం చేశాను. మూడో రోజు ఉదయం నుంచే తలుపు బాదడం మొదలుపెట్టాడు. గడియారం మీద వాడికి నమ్మకం పోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడూ ఆలస్యం చేయలేదు, సగంలో ఉన్న చార్టును సగంలోనే వదిలి లేచాను. వారం తిరిగేసరికి వాడే ఆయాతో "ముల్లు ఇంకా రాలేదు" అని చెప్పేవాడు.

మా పనికి ఆ తలుపు ఎలాగూ తప్పదు. అమెరికాలో 1996 నుంచి రోగుల వివరాల గోప్యతకు హిపా అనే చట్టం ఉంది, తెర మీద ఉన్నది ఇంట్లోవాళ్లు కూడా చూడకూడదు. మీది వేరే రకం పనైనా సరే, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పిల్లల మధ్య కూర్చోకండి. తలుపు వేసుకునే చోటు ఒకటి ఉండాలి, వంటింటి పక్క స్టోరు గది అయినా పరవాలేదు.

పాప నిద్ర మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పదకొండు నెలల పిల్లలు పగలు సాధారణంగా రెండుసార్లు పడుకుంటారు. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో ఎప్పుడో ఒకసారికి మారతారు. ఆ మారే నెల రోజులూ ఏ వేళకు పడుకుంటారో వాళ్లకే తెలియదు. ఆ సమయంలో నా మధ్యాహ్నపు లెక్క పూర్తిగా చెదిరిపోయింది. అందుకే పాప పడుకునే గంటన్నరలో పోతే పోయే పని మాత్రమే పెట్టుకోండి, మెయిళ్లు, శిక్షణ వీడియోలు వంటివి. గడువు ఉన్న పనిని పాప నిద్రకు ముడిపెట్టవద్దు.

మీ బృందం అమెరికాలో ఉందని రాశారు. అయితే ఇంకొక విషయం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటల సమావేశం వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అది ఏడున్నర అవుతుంది, మార్చి దాకా అంతే. ఆరున్నరకు పిల్లలు కింద పార్కింగ్‌లో ఆడుకుంటుంటారు, ఏడున్నరకు అన్నం, నిద్ర, మారాం. మొదటి చలికాలం నేను ఇది ముందుగా చూసుకోలేదు. రెండో ఏడాది అక్టోబరులోనే మేనేజరుకు రాసి, శీతాకాలం సమావేశాన్ని గంట ముందే పెట్టమని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. అడగకపోతే ఎవరికీ తెలియదు.

చట్టంలో మీకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు, జీతంతో కూడిన సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 12 నుంచి 26 వారాలకు పెంచారు. ఆ సెలవు తర్వాత కూడా పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుంచి పని చేసే వీలు కల్పించారు. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని అప్పుడే చేర్చారు. మీరు ఇంటి నుంచి పని చేస్తున్నారు కాబట్టి దానికి బదులు ఏదైనా భత్యం ఇస్తారేమో మానవ వనరుల విభాగాన్ని అడగండి. మా సంస్థలో అడిగినవాళ్లకు ఇచ్చారు, అడగని నాకు ఏడాది పాటు రాలేదు.

మీ అత్తగారిని పిలిపించుకుందామా అని కూడా రాశారు. మా అత్తగారు నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో పాప వెనక పరుగెత్తలేక, ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డారు. ఒకరోజు రాత్రి మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే చూశాను, అప్పుడు తెలిసింది. పెద్దవాళ్లు కథలు చెప్పడానికి, పప్పన్నం కలిపి గోరుముద్దలు పెట్టడానికి ఉండాలి. ఆవిడ వస్తే సంతోషంగా రమ్మనండి, ఆయా ఉండగానే రమ్మనండి.

చుట్టుపక్కలవాళ్ల "ఇంట్లోనే ఉన్నారుగా" అనే మాట మీకూ తప్పదు. గ్యాస్ సిలిండరు, కొరియరు, అపార్ట్‌మెంట్ సంతకాలు అన్నీ మీ బెల్లే కొడతాయి. పని గంటలు ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. పార్సిళ్లు వాచ్‌మన్ భార్యకు ఇవ్వమనండి.

ఈ నెలలో ఒక వారం పాటు పాప ఏ గంటకు పడుకుంటుందో, బాబు ఏ వేళ ఎక్కువ మారాం చేస్తాడో, మీ వారు ఇంట్లో ఏ గంటలు ఉంటారో ఒకే కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో ఎవరూ లేని గంటలు కనిపిస్తాయి. ఆయాతో ఆ గంటలకే మాట్లాడండి. కాగితం తయారయ్యాక ఇక్కడే రాయండి, మీ గంటలను నా గంటలతో పోల్చి ఎక్కడ ఏది పెట్టవచ్చో చెబుతాను.