520 వారాలంటే పదేళ్లు కాదండీ, నన్నడగండి

520 వారాలు నిండాయి, 520ని 52తో భాగిస్తే పది వస్తుంది, అంటే సరిగ్గా పదేళ్లేనా అని ఒకరు అడిగారు. కాదండీ. నేనూ అలాగే అనుకుని ఒక అప్లికేషన్ పోగొట్టుకున్నా.

అప్పట్లో నాది కాంట్రాక్ట్ ఉద్యోగం, జీతం వారానికోసారి. 2019 మార్చి 4 సోమవారం చేరా, 2022 ఫిబ్రవరి 27 ఆదివారంతో కాంట్రాక్ట్ అయిపోయింది. ఇంకో చోట పర్మనెంట్ పోస్ట్ పడింది, మూడేళ్లు నిండుండాలన్నారు. పేస్లిప్పులు లెక్కపెడితే 156, 52తో భాగిస్తే మూడు, ఇంకేం కావాలి అని అన్నీ వరసగా పిన్ను కొట్టుకుని ధీమాగా వెళ్లా. కౌంటర్లో ఆవిడ ఆ కట్ట ముట్టుకోనే లేదు. చేరిన తేదీ, మానేసిన తేదీ చూసి, పెన్ను తిరగేసి క్యాలెండర్ గళ్ల మీద ఆనిస్తూ "ఇరవై ఎనిమిది, ఒకటి, రెండు, మూడు... నాలుగు రోజులు తగ్గాయండీ" అంది. మరి 156 వారాలు ఉన్నాయి కదా మేడమ్ అంటే, "వారాలతో మాకేం పనండీ, మార్చి 3 దాకా చేసుంటే సరిపోయేది" అని నా ఫైలు నాకే ఇచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ కోపంలోనే లెక్కేశా. 52 వారాలకి 364 రోజులే. ఏటా ఒక రోజు బయట మిగిలిపోతుంది, మూడేళ్లకి మూడు. నాలుగోది 2020 ఫిబ్రవరి 29, అది నా మూడేళ్లలోనే వచ్చి పడాలా! ఏటా మిగిలే ఆ ఒక్క రోజు వల్లే పుట్టినరోజు ఈసారి సోమవారం వస్తే వచ్చేసారి మంగళవారం వస్తుంది, మధ్యలో ఫిబ్రవరి 29 పడితే బుధవారం. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం, లెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం 52 అనేస్తాం.

నెలకి నాలుగు వారాలు అనేవాళ్లు ఇంకా ఘోరం, ఆ లెక్కన ఏడాదికి 48 వారాలే, మిగతా నెల రోజులు ఎవరు మింగినట్టు? ఇంకో రకం ఉన్నారు, బాబుకి ఎన్ని నెలలు అంటే 86 వారాలు అంటారు. ఏడాదిన్నర దాటింది అంటే పోయేదానికి నన్నెందుకు లెక్కలోకి లాగడం!

సరే, అసలు పద్ధతి. వారాలని 7తో గుణించి 365.2425తో భాగించండి, లేదా నేరుగా 52.1775తో. ఎందుకంటే మన క్యాలెండర్లో 400 ఏళ్లకి 1,46,097 రోజులు, అంటే 20,871 వారాలు, ఒక్క రోజు కూడా మిగలదు. అంతకంటే తక్కువ ఏళ్లు తీసుకుంటే, ఏ ఏడాది నుంచి మొదలుపెట్టామన్నదాన్ని బట్టి రోజులు మిగలొచ్చు. తేదీలతో పని ఉంటే మాత్రం ఈ భాగహారం కూడా వదిలేసి క్యాలెండర్ తీయండి.

మీ 520 వారాలకి 3640 రోజులు. పదేళ్లకి 3652 గానీ 3653 గానీ కావాలి, మధ్యలో ఫిబ్రవరి 29 రెండుసార్లు వచ్చిందా మూడుసార్లా అన్నదాన్ని బట్టి. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టి, 522 అయ్యాక పదేళ్లు నిండాయనుకోండి.